మన 'రాత' ఎవరు రాశారు?



సెలవులకి ఇంటికెళ్లొచ్చిన మా రూమ్మేట్ రెండు రోజులు సరిగా తిన్లేదు. 1994లో వాళ్ల తాత అప్పు కింద తెల్లకాగితం మీద వేలిముద్ర వేశాడంట. ఆ చేను ఇప్పటికీ గిరిజనేతరుల చేతిలోనే ఉంది. "మా రాత అంతే అన్నా" అన్నాడు. ఆ రాత్రి మేమంతా ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాం.

తెలుగులో రాతకి రెండు అర్థాలు. ఒకటి చేత్తో రాసేది. రెండోది దేవుడు నుదుటి మీద రాస్తాడనేది. తలరాత, బ్రహ్మరాత అంటాం. చదువు లేని మన పెద్దోళ్లకి రెండూ ఒకేలా అనిపించాయి. రెండూ వేరేవాళ్లు రాసేవే, మనం చదవలేనివే. షావుకారు పద్దు, పట్వారీ పహాణీ, అడవి చుట్టూ సర్కారు గీసిన గీత, ఇవన్నీ మనుషులు రాసినవి. మనోళ్లు దేవుడి రాత అనుకుని మోశారు.

అందరూ మోయలేదు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమెండార్ఫ్‌ని గోండు గూడేలకి పంపింది. మార్లవాయిలో గోండు పిల్లలకి బడి వచ్చింది.

చట్టాలు కూడా మారాయి. మద్రాసు ఏజెన్సీలో 1917లోనే భూబదిలీ చట్టం వచ్చింది. 1959 రెగ్యులేషన్ 1963లో తెలంగాణకీ వర్తించింది. 1970లో సవరణ జరిగింది, మనం 1/70 అనేది అదే. దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. వాళ్ల చేతిలో ఉన్న భూమి గిరిజనుల దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని వాళ్లే నిరూపించుకోవాలి. 1988లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం చెల్లుతుందంది.

అంటే ఆ తాత వేలిముద్ర వేసేనాటికి చట్టం వచ్చి ఇరవై నాలుగేళ్లు. ఊళ్లో దాన్ని చదివి చెప్పేవాళ్లే లేరు.

ఇప్పుడు మనం ఉన్నాం. మా రూమ్మేట్ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి అర్జీ రాస్తున్నాడు, మేం పక్కన కూర్చుని తప్పులు దిద్దుతున్నాం. గెలుస్తాడో లేదో తెలీదు. మీరు కూడా ఈసారి ఇంటికెళ్తే ట్రంకుపెట్టెలో ఉన్న పాత కాగితాలు తీసి అమ్మానాన్నలకి చదివి వినిపించండి.

జై ఆదివాసీ.