ఆరుబయట పడక: గొంగడి నుంచి బివీ సంచి వరకు

కామారెడ్డి జిల్లా బాన్సువాడ చుట్టుపక్కల మంద దగ్గరో, పొలం గట్టు మీదో, వడ్ల కుప్ప పక్కనో గుడారం లేకుండా రాత్రి గడిపేవాళ్లు పరుచుకునే, కప్పుకునే వస్తువుల చరిత్ర ఇది. వాటిలో పాతది, అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది గొంగడి. తర్వాత గోనె సంచి, యూరియా సంచి, టార్పాలిన్ వచ్చాయి. పర్వతారోహకులు వాడే బివీ సంచి ఈ వరుసలో చివరిది. పడుకున్న మనిషిని పక్కబట్టలతో సహా లోపల ఇముడ్చుకునే పలుచని సంచి అది. బయటి తడి లోపలికి రాకూడదు, ఒంటి ఆవిరి లోపల నిలవకూడదు. ఈ రెండూ ఒకే బట్టలో కుదరడమే ఎప్పుడూ కష్టం.

గొంగడి

గొంగడికి ముడిసరుకు దక్కనీ జాతి నల్లగొర్రె బొచ్చు. తెలంగాణలో ఈ గొర్లను మేపేది, బొచ్చు కత్తిరించేది, గొంగడి నేసేది ప్రధానంగా కురుమలు. కర్ణాటకలో కురుబలు, మహారాష్ట్రలో ధన్‌గర్లు ఇదే పనిలో ఉన్నారు కాబట్టి గొంగడిని ఒక్క ఊరికో జిల్లాకో కట్టిపెట్టలేం. కత్తిరించిన బొచ్చును దులిపి ఏకుతారు. ఆడవాళ్లు వడుకుతారు. నేతకు ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. గింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి చేసే ఈ గంజితో పోగులు బిరుసెక్కి మగ్గం మీద తెగకుండా నిలబడతాయి. నేత గుంట మగ్గం మీద సాగుతుంది. రంగు అద్దే పని లేదు, గొర్రె నలుపే గొంగడి నలుపు.

వరి కోసిన మడిలో రాత్రికి మంద పెట్టించుకోవడం ఇక్కడి రైతుల పాత అలవాటు. గొర్ల పెంట, మూత్రం నేలకు బలం. అందుకు ప్రతిగా కాపరికి వడ్లో పైసలో ముట్టేవి. మంద ఎక్కడుంటే కాపరి పడక అక్కడే. కుక్కల నుంచి, తోడేళ్ల నుంచి, దొంగల నుంచి జీవాలను కాయాలంటే ఇంటికి పోయి పడుకోవడం కుదరదు. పగలు భుజం మీద మడిచి వేసుకున్న గొంగడి వాన మొదలుకాగానే తల మీది ముసుగయ్యేది. ఒక కొసను మడిచి నెత్తిన పెట్టుకుంటే మిగిలినది వీపు మీదుగా పిక్కల దాకా దిగుతుంది. రాత్రి అదే గొంగడి సగం కింద, సగం పైన. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు పడిపోయే ఈ ప్రాంతంలో దాని మీద ఇంకో బట్ట కప్పకుండానే తరాలు గడిచాయి.

ఇది పనిచేసే తీరు తెలుసుకోదగ్గది. గొర్రె ఒంటి జిడ్డు బొచ్చులో కొంత మిగిలి ఉంటుంది, దాని మీద పడ్డ చినుకు వెంటనే ఇంకదు. పోగు లోపలి భాగం మాత్రం గాలిలోని తేమను తన బరువులో దాదాపు 30 శాతం వరకు పీల్చుకోగలదు. పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. అందుకే మంచు కురిసిన తెల్లవారుజామున గొంగడి పైభాగం చెమ్మగా ఉన్నా కింద పడుకున్న మనిషి వెచ్చగానే ఉంటాడు. లోపాలూ తక్కువేం కాదు. బరువు. ముతకదనం. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. రాత్రంతా ముసురు పట్టిందా, నీళ్లు తాగిన గొంగడిని మోయడం ఒక శిక్ష, ఆరబెట్టడం ఇంకో శిక్ష. పాములు, తేళ్లు దాని గరుకుదనానికి మీదికి రావని కాపరులు గట్టిగా నమ్ముతారు. ఆ ఒక్క నమ్మకం మీద ప్రాణాలు పెట్టడం మంచిది కాదు.

కురుమల దేవుడు బీరప్ప కొలుపుల్లో గొంగడికి చోటుంది. తెలంగాణ రైతాంగ పోరాటంలో, 1946 జూలై 4న కడవెండిలో తుపాకీ కాల్పులకు బలైన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డే. ప్రజాగాయకుడు గద్దర్ గొంగడి వేసుకుని వేదికలెక్కాక అది పాటకూ పోరుకూ గుర్తయింది. ఆ గౌరవం నేసేవాళ్ల సంపాదనకు పెద్దగా తోడ్పడకపోవడం బాధాకరం.

కాలువ నీళ్లు వచ్చాక

మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఈ ప్రాంతాన్ని మార్చేసింది. ఆ నిర్మాణంతో నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు ముడిపడి ఉంది. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది మొదటి లెక్క. బీడు భూములు మడులయ్యాయి, చెరకు తోటలయ్యాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. మెట్ట మేతకు అలవాటుపడ్డ నల్లగొర్రెకు ఈ తడి నేల పడదు. ఎప్పుడూ బురదలో తిరిగితే గిట్టలు చెడతాయి. పచ్చిక బయళ్లు తగ్గాయి, మందలూ తగ్గాయి.

తర్వాతి దెబ్బ మాంసం ధర నుంచి వచ్చింది. బొచ్చుకు గిట్టుబాటు లేనప్పుడు, త్వరగా బరువెక్కే నెల్లూరు జాతి పొట్టేలును మందలో కలపడం కాపరికి లాభం. కానీ నెల్లూరు గొర్రెకు నేతకు పనికొచ్చే ఉన్ని ఉండదు. 2017లో 75 శాతం రాయితీతో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. వాటిలో చాలా వరకు ఆంధ్రప్రదేశ్ నుంచి తెచ్చినవే. కురుమ, గొల్ల కుటుంబాల చేతికి జీవాలు వచ్చాయి, గొంగడికి ముడిసరుకు మాత్రం ఇంకా పలచబడింది.

ఆ ఖాళీలోకి ప్లాస్టిక్ వచ్చింది. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రం ముందు కుప్ప పోసి, కాంటా కోసం రోజుల తరబడి కాచుకునే రైతు పడక చూస్తే సంగతి అర్థమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అకాల వాన కొడితే ఇంట్లో ఉన్న టార్పాలిన్ వడ్ల మీదికి పోతుంది. మనిషికి మిగిలేది విప్పి కుట్టిన యూరియా సంచుల పట్టా. అది వానను ఆపుతుంది, ఒంటి ఆవిరినీ ఆపుతుంది. నిద్రలో మనిషి శ్వాస నుంచి, చర్మం నుంచి దాదాపు పావు లీటరు నీరు ఆవిరిగా వెలువడుతుంది. ప్లాస్టిక్ కప్పుకుంటే అదంతా లోపలివైపు చుక్కలు కట్టి మళ్లీ మనిషి మీదే పడుతుంది.

ఐరోపాలోనూ ఇదే చిక్కు ఎదురైంది. చార్లెస్ మాకింటాష్ 1823లో హక్కులు పొందిన రబ్బరు బట్ట వానను ఆపింది, చెమటనూ ఆపింది. 1878లో ఫ్రాన్స్‌లోని సెవెన్ కొండల్లో గాడిదతో తిరిగిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తన కోసం ఒక పడక సంచి కుట్టించుకున్నాడు. దానికి బయట బండ్ల మీద కప్పే నీరంటని గుడ్డ, లోపల గొర్రె బొచ్చు. మంద దగ్గరి కాపరి ఆ సంచిని చూస్తే సగం తనదే అనుకునేవాడు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్కసారిగా సాగదీసి, సూక్ష్మరంధ్రాలున్న పొరను తయారుచేశాడు. నీటి చుక్క దూరలేని, ఆవిరి దూరగల ఆ పొరతో గోర్‌టెక్స్ బట్ట 1970ల్లో అమ్మకానికి వచ్చింది. తర్వాత బివీ సంచులకు అదే దారి చూపింది.

ఎంచుకోవడం, కుట్టుకోవడం

గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్న బివీ సంచులు సాధారణంగా అరకిలో నుంచి 900 గ్రాముల దాకా తూగుతాయి, ఖరీదూ ఎక్కువే. పైన పలుచని నైలాన్, కింద పూత ఉన్న బట్ట పెట్టి కుట్టిన తేలిక రకం 200, 300 గ్రాముల్లో తేలిపోతుంది. అది మంచును, తుంపరను, గాలిని ఆపుతుంది, జడివానను ఆపదు. బాన్సువాడ లాంటి చోట చలికాలానికి రెండో రకమే సరైనది. ఇక్కడ ఆ రాత్రులను వేధించేది పైనుంచి పడే వాన కన్నా మంచు, నేల చెమ్మ, దోమ. వాన అనుమానం ఉంటే తాడుతో పైన ఒక చిన్న టార్పాలిన్ కట్టుకోవచ్చు. మార్చి దాటాక ఏ రకం సంచిలోనైనా ఉక్కపోతే, అప్పుడు దోమతెర ఒక్కటే దారి.

కుట్టుకునేవాళ్లు పై భాగానికి బజార్లో పారాచూట్ గుడ్డ అని అమ్మే పలుచని నైలాన్ తీసుకోవాలి. నోటితో ఊదితే గాలి కొద్దిగా అవతలికి తగలాలి. అసలు తగలకపోతే పూత ఉన్నట్టు, అది కిందికే పనికొస్తుంది. సగటు ఎత్తు మనిషికి పొడవు 210 సెంటీమీటర్లు, పరిచి కొలిస్తే భుజాల దగ్గర 80 నుంచి 85, పాదాల దగ్గర 60 సరిపోతాయి. పాదాల దగ్గర మరీ బిగిస్తే బొంత నలిగి అక్కడే చలి పుడుతుంది. నూలు దారం వద్దు, అది తడిని పీల్చి లోపలికి లాగుతుంది, చివికిపోతుంది. పాలిస్టర్ దారంతో అంచులు మడిచి రెండుసార్లు కుట్టాలి. కింది బట్టకు సిలికాన్ పూత ఉంటే కుట్ల మీద సిలికాన్ జిగురే రాయాలి, ఇంకోటి అంటదు. కింది బట్టను పక్కలకు పది సెంటీమీటర్లు పైకి లేపి కుడితే నేల నీరు కుట్టులోకి రాదు.

ముఖం దగ్గర దోమతెర గుడ్డ, దాన్ని పూర్తిగా మూసే జిప్పు తప్పనిసరి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద నిద్రపోయేవాళ్లనే అది ఎక్కువగా కాటేస్తుంది, కాటు నొప్పి తెలియక మనిషి లేవకపోవచ్చు కూడా. సందు లేకుండా మూసుకునే తెర ఈ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, గొంగడి ఇవ్వలేని రక్షణ ఇది. చలికి తాళలేక ముక్కు, నోరు సంచి బట్టలోకి దూర్చకూడదు. ఊపిరి తేమ బొంతకు పడుతుంది, ప్లాస్టిక్ సంచి అయితే ఊపిరే ఆడదు. పొద్దున లేవగానే తిరగేసి ఎండలో వేస్తే పలుచని నైలాన్ తొందరగా ఆరిపోతుంది. లోపల కప్పుకోవడానికి పాత గొంగడి ఇంట్లో ఉంటే ఇంకో బొంత కొనక్కర్లేదు.