యంత్రము లేని విమానముల పందెములు



వేసవి మధ్యాహ్నమున అరుగుమీద గూర్చుండి మింటివైపు చూచువారికి గ్రద్ద చుట్లు తిరుగుట క్రొత్త సంగతి కాదు. అది రెక్క కదల్పదు. అయినను కొంతసేపటికి చుక్కంతయై కనుమరుగగును. దున్నిన చేను, రాతినేల యెండకు త్వరగా కాగును. వానిపైనున్న గాలి వేడెక్కి, తేలికయై, స్తంభమువలె పైకి లేచును. ఆ స్తంభము జాడ గ్రద్దకు పుట్టుకతో తెలియును. మనుష్యుడు మాత్రము దానిని గురుముఖమున నేర్వవలసి వచ్చెను. యంత్రము లేని విమానమునకు గ్లైడరని పేరు. దానిని నడపు విద్య యెట్టి పందెముల వలన పెరిగెనో, ఎట్టి పందెము వలన పెరుగలేదో నేడు మనవి చేసెదను.

మొదటి ప్రపంచ యుద్ధము 1918లో ముగిసెను. 1919 నాటి వెర్సేల్స్ సంధి జర్మనులకు యుద్ధవిమానములను నిషేధించెను. యంత్రవిమానములు కట్టుటయు వారికి దుర్ఘటమయ్యెను. అప్పుడు ఆస్కార్ ఉర్సీనుస్ అను పత్రికాసంపాదకుడు, యంత్రము లేకున్న నేమి, గాలి కలదు గదా యని, 1920లో యువకులను రోన్ పర్వతములలోని వాస్సెర్కుప్పె శిఖరమునకు పిలిచెను. ఆ కొండ యెత్తు 950 మీటర్లు. వచ్చినవారిలో విద్యార్థులు పెక్కండ్రు. చేతిలో కాసు లేదు. కర్రయు గుడ్డయు జిగురును గలిపి తామే విమానములు కట్టుకొనిరి, గుడారములలో నివసించిరి.

ఆ మొదటి యేడే ఓయిగన్ ఫాన్ లోయెస్ల్ అను యువకుడు కూలి మరణించెను. అయినను తక్కినవారు కొండ దిగిపోలేదు. క్లెంపెరర్ అనునతడు 2 నిమిషముల 22 సెకండ్లలో 1830 మీటర్లు పోయెను. అది యంతయు కొండపైనుండి క్రిందికి జారుటయే. కాని గాలి కొండవాలును తాకి పైకి మళ్లునని, ఆ వాలు వెంబడి పోయిన దిగకుండ నుండవచ్చునని వారు క్రమముగా గ్రహించిరి. 1922లో మార్టెన్స్ అనునతడు గంటకు పైగాను, హెంట్సెన్ అనునతడు మూడు గంటలకు పైగాను ఆకాశమున నిలిచిరి. ఇరువురును నడపినది ఒకే విమానమును. మార్టెన్స్ పిదప అచ్చటనే గ్లైడరు పాఠశాలను నెలకొల్పెను. 1926లో మాక్స్ కేగెల్ అనువానిని ఉరుముమేఘము పైకి లాగికొనిపోగా, అతడు 55 కిలోమీటర్ల దూరమున ప్రాణముతో దిగెను. 1929లో క్రోన్‌ఫెల్డ్ 100 కిలోమీటర్లు దాటెను. తొమ్మిదేండ్లలో రెండు కిలోమీటర్లైనను లేని విద్య నూరు కిలోమీటర్లకు పెరిగెను!

ఇక ఇంగ్లండు సంగతి వినుడు. 1922లోనే డైలీ మెయిల్ పత్రికవారు వేయి పౌనుల బహుమానము ప్రకటించి ఇట్‌ఫర్డ్ కొండపై పందెము పెట్టిరి. ఫ్రెంచి దేశస్థుడైన మానెరోల్ మూడు గంటలకు పైగా ఆకాశమున నిలిచి గెలిచెను. జనులు చప్పట్లు చరచి యిండ్లకు పోయిరి. అటుపై ఏడెనిమిదేండ్లు ఆ దేశమున ఆ విద్య నిద్రపోయినదనియే చెప్పవలెను. 1929లో బ్రిటిష్ గ్లైడింగ్ అసోసియేషన్ పుట్టి, క్లబ్బులేర్పడిన పిమ్మటనే అది మేల్కొనెను. జర్మనులకు ధనము లేదు, గురుకులము కలదు. ఇచ్చట ధనము కలదు, గురుకులము లేదు. ఆ గురుకులమైనను నిష్కళంకముగా నిలువలేదు. 1933 తరువాత నాజీ ప్రభుత్వము దానిని చెరబట్టి యుద్ధమునకు బాలురను సిద్ధపరచుటకు వాడుకొనెను. యూదుడైన క్రోన్‌ఫెల్డ్ దేశము విడిచి ఇంగ్లండు చేరవలసి వచ్చెను.

ఈ చరిత్ర నా మనస్సును తాకుటకు కారణము కలదు. ఉపాధ్యాయుడనై యున్నపుడు ఏటేట పద్యపఠనపు పోటీ పెట్టుచు, మొదటివానికే బహుమానమిచ్చెడివాడను. ఒక యేడు నత్తిగల బాలుడొకడు తడబడగా సభ నవ్వెను, నేనును నవ్వితిని. ఆ బాలుడు మరల నా యెదుట పద్యమెత్తలేదు. కొన్నియేండ్లకు ఆ పోటీకి నిలుచువారు మువ్వురే మిగిలిరి. ఇట్‌ఫర్డ్ కొండపై జరిగినదే నా బడిలోనూ జరిగెను.

ఇంగ్లండువారు మాత్రము తమ లోపమును దిద్దుకొనిరి. గత శతాబ్దపు ఉత్తరార్ధమున ఇరుగుపొరుగు క్లబ్బుల నడుమ ఇంటర్ క్లబ్ లీగ్ అను స్నేహపు పందెము నెలకొల్పిరి; అది నేటికిని జరుగుచున్నది. ఒక్కొక్క క్లబ్బు మూడు తరగతులలో మనుష్యులను పంపును. క్రొత్తవాడు నోవిస్, నడిమివాడు ఇంటర్మీడియెట్, ఆరితేరినవాడు పండిట్! మన పండితశబ్దమే సముద్రములు దాటి ఆకాశమెక్కినది. అందు గొప్ప ధర్మమొకటి కలదు: ముగ్గురి మార్కులును గలిపియే క్లబ్బునకు లెక్కింతురు. కావున పండితుడెంత గెలిచినను క్రొత్తవాడు వెనుకబడిన క్లబ్బునకు చాలదు. తన గెలుపు కొరకే గురువు శిష్యునికి నేర్పవలెను.

ఆ క్రొత్తవాని స్థితి తలంపుడు. అంతవరకు వాడు చాలవరకు తన మైదానము కంటికానునంత మేరలోనే తిరిగినవాడు. నేడు చెప్పిన గుర్తులను చుట్టి రావలెను. వెనుదిరిగి చూడగా మైదానము కానరాదు, యంత్రము లేదు, గాలి లేవనిచో దిగక తప్పదు. అప్పుడు పైకెత్తు గాలికై వెదకుచునే, నిలువు పైరు లేని కోసిన చేను నొకదానిని కనిపెట్టి యుంచుకొనవలెను. దిగినచో ముందుగా ఆ రైతును కలిసి మర్యాదగా మాటాడవలెను. పిమ్మట క్లబ్బువారు పొడుగైన బండితో వచ్చి, రెక్కలు విప్పి, విమానమును కొనిపోవుదురు. ఆ సాయంకాలము పండితుడును వాని ప్రక్కనే కూర్చుండి, ఎచ్చట దారి తప్పితివో చెప్పుమని యడుగును. వాడు చెప్పును. ఎవరును నవ్వరు.

మన గ్రామములలోను పోటీలు కలవు: ఎడ్ల పందెములు, భజన పోటీలు, పిల్లల పరీక్షలు. వానిని మానుమని నేననను. కాని తుదివాని మార్కుకూడ మొదటివాని గెలుపులో చేరునట్లు నియమమొక్కటి యేర్పరచిన చాలును. అట్టి నియమము నా కాలమున నేను చేసియుండవలసినది. చేయలేదు. ఆ నత్తి బాలునకు పద్యము కంఠస్థమనియు, అక్షరమైనను తప్పలేదనియు మాత్రము నేటికిని జ్ఞప్తియున్నది.