మంట మిగిలిన చోట చలువ కరువు

కొంతం చౌక్ చుట్టూ ఉన్న మా పద్మశాలీల్లో చాలామంది పెద్దలు నిజాం ఇలాకా నుంచి, కరువులకు తాళలేక, సోలాపూర్ చేరినవాళ్ళు. వాళ్ళ గుంట మగ్గానికి ఎండాకాలం అంత పగ కాదు. నేత నేసేవాడి కాళ్ళు గుంటలో, చుట్టూ తడి మన్ను. నేల మీద నీళ్ళు చల్లేది ముందు నూలు కోసం, తర్వాతే మనిషి కోసం. ఎండిన పోగు పుటుక్కున తెగుతుంది, తేమ తగిలితే గట్టిపడుతుంది. 1877లో జూనీ మిల్లు అనే బట్టల మిల్లు నడవడం మొదలైంది, తర్వాత ఇళ్ళల్లోకి సాంచలు (కరెంటు మగ్గాలు) వచ్చాయి. గుంటలు పూడిపోయి, నెత్తిమీద ఎండకు కాలే రేకులు లేచాయి.

నేను రంగు కార్ఖానాలో నూలు ముంచినవాణ్ణి. బాయిలర్ మండుతూనే ఉంటుంది, దాని వేడి పొగగొట్టంలోంచి ఊరికే పోతుంది. తాగే నీళ్ళలోకి బర్ఫ్ (ఐసుగడ్డ) మాత్రం కొనుక్కోవాలి. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఎందుకంటే మంటతో చలువ పుట్టించవచ్చని ఫ్రాన్సులో ఫెర్డినాండ్ కారే 1859లోనే చూపించాడు. నీళ్ళు అమ్మోనియాను ఇష్టంగా పీల్చుకుంటాయి. ఆ నీళ్ళను కాస్తే అమ్మోనియా ఆవిరై విడిపోతుంది. ఆ ఆవిరిని చల్లార్చి ద్రవం చేసి, మళ్ళీ ఆవిరి కానిస్తే చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. తిరిగి నీళ్ళలో కలుస్తుంది. కారే యంత్రం పెద్దది. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఫాన్ ప్లాటెన్, ముంటర్స్ దాన్ని ఇంట్లో పట్టేంత చేశారు. గొట్టాల్లోకి హైడ్రోజన్ కూడా పెట్టి లోపలి ఒత్తిడి సమం చేసేసరికి మోటారు పంపు అవసరమే లేకపోయింది. 1925కల్లా ఎలక్ట్రోలక్స్ కంపెనీ ఆ చల్లని పెట్టెలను అమ్మింది. కింద కిరోసిన్ దీపం, పైన చల్లని అర. కరెంటు లేని ఆసుపత్రుల్లో టీకా మందులు కాపాడింది ఈ తరహా పెట్టెలే.

పుణేకు చెందిన థర్మాక్స్ కంపెనీ, ఫ్యాక్టరీలకు సరిపడే ఇలాంటి పెద్ద యంత్రాలు చేస్తుంది. ఒక్క సాంచల షెడ్డుకు సరిపడేది చేయడమే కష్టం. షెడ్డు లోపలి వేడినీ, మంట వేడినీ కలిపి బయట వదలాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలే నలభై డిగ్రీలు దాటుతుంది. నీళ్ళతో చల్లారుద్దామంటే, కుళాయి రోజూ రాని ఊరు మాది.

అయినా మాకు బర్ఫ్ అంత చలువ అక్కర్లేదు. మరీ చల్లబరిస్తే గాలిలో తేమ కారిపోయి నూలు తెగుతుంది. నాలుగైదు డిగ్రీలు తగ్గితే చాలు, అంత కొంచెమే దింపడం ఈ యంత్రానికీ తేలికే. రంగు, నేత ఒకే ఆవరణలో ఉన్న కార్ఖానా చూసి, పొగగొట్టం వేడి కొలిచి, అక్కడ మొదలుపెట్టమని మా ఇంజనీరు పిల్లలను అడుగుతున్నాను.