లాగిన్ అయ్యారా?

అద్దాల మేడలు లేచాక నానక్‌రామ్‌గూడలో పొద్దున్నే కాఫీకంటే ముందు వినిపించే మాట ఒకటుంది: "లాగిన్ అయ్యావా?" మన భాష చమత్కారం చూడండి. వంట చేస్తాం, పూజ చేస్తాం. లాగిన్ మాత్రం 'అవుతాం', పూనకం వచ్చినట్టు!

ఇంతకీ ఈ 'లాగ్' ఏమిటనుకున్నారు? ఉత్త కట్టెముక్క! పూర్వం ఓడ వేగం తెలుసుకోవడానికి, ముడులు వేసిన తాడుకు కట్టెముక్క కట్టి నీళ్లలోకి వదిలేవారు. గాజుబుడ్డిలో ఇసుక జారేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవారు. ఓడ వేగాన్ని ఈనాటికీ నాట్‌లలో చెప్పడం అందుకే. నాట్ అంటే ముడి. ఆ లెక్క రాసుకునే పుస్తకమే లాగ్‌బుక్కు.

1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఒకే కంప్యూటరును పలువురు పంచుకునే పద్ధతిని చేసి చూపింది. ఎవరొచ్చారో, ఎంతసేపు వాడారో లెక్క ఉండాలి కదా! అలా లాగిన్, లాగౌట్ కంప్యూటరు మాటలయ్యాయి. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలిస్ నుంచి స్టాన్‌ఫర్డ్ కంప్యూటరుకు 'లాగిన్' అనే మాటనే పంపబోతే, రెండక్షరాలు చేరేసరికి అవతలి యంత్రం చతికిలబడింది. ఇంటర్నెట్టుకు అక్షరాభ్యాసం అదే!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఈ మాట ఆఫీసు గేటు దాటి వంటింటి గడప తొక్కింది. కుక్కరు మూడో కూత వేసేలోగా ఇల్లాలు లాగిన్ కావాలి. క్షణం ఆలస్యమైనా యంత్రం రాసిపెట్టుకుంటుంది. మరి తెల్లవారకముందే లేచి ఆవిడ చేసిన చాకిరీ ఏ లాగ్‌బుక్కులో ఎక్కింది?

ఆ పుస్తకం ఒకసారి ప్రభుత్వమే తెరిచింది. ఎవరి పొద్దు ఎలా గడుస్తోందో 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సర్వే చేసింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో అప్పట్లో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలు చేసేవారట. అదీ, పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల సంగతి. అసలు పెట్టనివాళ్లు ఈ సగటులో లేనే లేరు!

ఎంత దూరం వచ్చామో తెలియకపోతే నడిసముద్రంలో ఓడకు దారి తెలియదు. సంసారమూ అంతే కదూ? గోడమీది క్యాలెండరులో పాలలెక్క పక్కనే, ఎవరు ఏ పని ఎంతసేపు చేశారో ఒక్క వారం రాసి చూడండి. ఎవరు కాసేపు లాగౌట్ కావాలో, ఎవరు వంటింట్లో లాగిన్ కావాలో, ఇంటిల్లిపాదికీ లెక్కే చెబుతుంది.