ట్రాక్ కోసం తేలికపాటి కిట్ కారు: ఎంపిక, కూర్పు

చాసీ, బాడీ రేకులు, సస్పెన్షన్ భాగాలు ఒక కంపెనీ నుంచి విడివిడిగా కొని, ఇంజన్, గేర్‌బాక్స్ లాంటివి కొత్తవో పాత కారులోంచి తీసినవో చేర్చి, యజమాని తన షెడ్డులో తానే బిగించుకునే కారును కిట్ కారు అంటారు. వీటిలో ట్రాక్ మీద పరుగుకని కూర్చుకునే రకం చాలా తేలికగా ఉంటుంది. బరువు సాధారణంగా 450 నుంచి 700 కిలోలు. మన వీధుల్లో తిరిగే స్విఫ్ట్ లాంటి చిన్న కారే 900 కిలోల దగ్గర తూగుతుంది. రెండే సీట్లు, తలుపులుండవు, పైకప్పు ఉండదు, ఏసీ ఊసే లేదు. ఈ బండ్లకు పుట్టినిల్లు బ్రిటన్. వీటిలో చాలావాటికి మూలరూపం కోలిన్ చాప్‌మన్ నడిపిన లోటస్ సంస్థ 1957లో తెచ్చిన సెవెన్.

పన్ను పుట్టించిన కారు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో కొత్త కారు మీద కొనుగోలు పన్ను విపరీతంగా ఉండేది. అది పూర్తిగా తయారైన కారుకే గాని విడిభాగాలకు వర్తించదు. లోటస్ ఈ సందును పట్టుకుంది. 1958లో ద మోటార్ పత్రిక పరీక్షించిన సెవెన్ ధర 1157 పౌండ్లు, అందులో పన్నే 386 పౌండ్లు. అదే కారును విడిగా కొంటే లోటస్ భాగాలకు 399, ఫోర్డ్ ఇంజన్, గేర్‌బాక్స్‌కు 100, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వెనుక ఇరుసుకు 27 పౌండ్లు. మొత్తం 526. అంటే సగం ధర కూడా లేదు. పైగా ఆ కారులో ఉన్నది 1172 సీసీ సాదా ఫోర్డ్ ఇంజన్. గంటకు 130 కిలోమీటర్లకు కాస్త తక్కువే దాని గరిష్ఠ వేగం. అయినా మలుపుల్లో పెద్ద కార్లను వెనక్కి నెట్టేది.

కిట్టుతో పాటు బిగింపు సూచనల పుస్తకం ఇస్తే పన్ను మినహాయింపు పోయేది. అందుకని లోటస్ విప్పడం ఎలాగో చెప్పే పుస్తకం ఇచ్చిందనీ, కొన్నవాళ్లు దాన్ని చివరి పేజీ నుంచి చదువుకున్నారనీ ఒక కథ వాడుకలో ఉంది. నిజమెంతో గాని కథ మాత్రం చాప్‌మన్ స్వభావానికి సరిగ్గా అతికింది.

1973లో బ్రిటన్ కొనుగోలు పన్ను ఎత్తేసి వ్యాట్ తెచ్చింది. కిట్టుకు ఉన్న లాభం ఆ దెబ్బతో పోయింది. లోటస్ అదే ఏడు సెవెన్ తయారీ హక్కులను తమ డీలరు గ్రాహమ్ నియర్న్ నడిపే కేటరమ్ కార్స్‌కు అమ్మేసింది. పన్ను కారణం పోయినా కారు మాత్రం బతికింది. తన చేతులతో కారు బిగించుకోవడంలో ఉన్న సరదా కోసం డబ్బు పెట్టేవాళ్లు మిగిలారు. ఇప్పుడు కేటరమ్ జపాన్‌కు చెందిన వీటీ హోల్డింగ్స్ చేతిలో ఉంది.

బరువు లెక్క

ట్రాక్ బండికి బరువే అసలు కొలత అనడం మాటవరసకు కాదు. డ్రైవరుతో కలిపి 630 కిలోల బండి గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే బ్రేకులు 6 లక్షల జౌళ్లకు పైగా వేడిని మింగాలి. 1280 కిలోల కారైతే అది 12 లక్షలు దాటుతుంది. ప్రతి మలుపు ముందూ ఇదే జరుగుతుంది. బరువు కారులో ఐదారు ల్యాప్‌లకే బ్రేకు ద్రవం మరిగి పెడల్ మెత్తబడుతుంది. తేలిక కారులో సాదా డిస్కులూ, బూస్టరు లేని పెడలూ సరిపోతాయి. టైరు పట్టుకూ ఇదే సూత్రం. దాని మీద మోపిన బరువుతో పాటే పట్టు పెరుగుతుంది గాని అదే నిష్పత్తిలో కాదు. అందుకే తేలిక బండి మలుపులో తన బరువుకు తగ్గ దాని కంటే ఎక్కువ పట్టు దొరికించుకుంటుంది. టైర్లూ చాలాకాలం వస్తాయి, ఆ మేరకు ఖర్చూ తగ్గుతుంది.

దీనికి మూల్యం గాలి దగ్గర చెల్లించాలి. సెవెన్ ఆకారానికి ఎదురుగాలి నిరోధం మామూలు కారుకు రెట్టింపు ఉంటుంది. పొడవాటి సూటి దారి ఉన్న ట్రాకులో, గంటకు 160 దాటాక, ఎంత శక్తి పోసినా ఆ బండి గాలితో తలపడుతూనే ఉంటుంది. మెలికల ట్రాకే దానికి అచ్చొచ్చిన చోటు.

ఎంపిక

చాలామంది ముందు ఇంజన్ దగ్గర మొదలుపెడతారు. అది తలకిందుల వరస. మొదట ఏ ట్రాకులో, ఏ నిబంధనల కింద తిప్పాలో తేల్చుకోవాలి. ఆ తర్వాత శరీరం పట్టే చాసీ, ఆ తర్వాత బడ్జెట్. ఇంజన్ చివర వస్తుంది.

శరీరం సంగతి నవ్వులాట కాదు. సెవెన్ పెడళ్ల గది ఎంత ఇరుకంటే వెడల్పు బూట్లు వేసుకుంటే బ్రేకుతో పాటు యాక్సిలరేటర్ కూడా నొక్కుకుపోతుంది. ఆరడుగుల మనిషికి కేటరమ్ ఎస్3 చాసీ కంటే 110 మిల్లీమీటర్లు వెడల్పైన ఎస్‌వీ చాసీ మేలు. కూర్చుని చూడకుండా, ఫొటో చూసి బుక్ చేయడం అజ్ఞానం.

కొనదగ్గ దారులు మూడు. మొదటిది, దాదాపు అన్ని భాగాలూ కొత్తగా వచ్చే కేటరమ్ లాంటి సిద్ధ కిట్. డబ్బు ఎక్కువ, ఊహాగానం తక్కువ, అమ్మినప్పుడు ధర నిలబడుతుంది. 2021లో వచ్చిన కేటరమ్ 170లో 660 సీసీ సుజుకి మూడు సిలిండర్ల టర్బో ఇంజన్ ఉంటుంది. 84 హార్స్‌పవరే, కానీ బండి బరువు 440 కిలోలు మాత్రమే. ఆ పక్కనే 620ఆర్ ఉంది, సూపర్‌చార్జర్ బిగించిన 2 లీటర్ల ఫోర్డ్ ఇంజన్, 310 హార్స్‌పవర్. కొత్తగా నేర్చుకునేవాడికి 310 అక్కర్లేదు, 130 చుట్టుపక్కల శక్తితో ట్రాక్ నేర్చుకున్నవాడు తర్వాత ఏ కారైనా నడపగలడు. కేటరమ్ 1995 నుంచి నడుపుతున్న అకాడమీ పోటీ కూడా ఈ దారినే పోతుంది. అక్కడ కొత్తవాళ్లే పాల్గొంటారు, అందరికీ ఒకే రకం తక్కువ శక్తి కారు, కాబట్టి తేడా డ్రైవరులోనే తేలుతుంది.

రెండోది లోకాస్ట్. బడిపంతులు రాన్ ఛాంపియన్ 1996లో హేన్స్ సంస్థ ద్వారా ప్రచురించిన పుస్తకంతో ఇది ఊపందుకుంది. పుస్తకం పేరులోనే 250 పౌండ్ల ఖర్చుతో కారు అని ఉంది. పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ను విప్పి, ఒక అంగుళం చదరపు ఉక్కు గొట్టాలతో చాసీ వెల్డింగ్ చేసుకోవడం దాని పద్ధతి. 750 మోటార్ క్లబ్ ఈ కార్ల కోసం ప్రత్యేక పోటీ శ్రేణినే పెట్టింది. ఇప్పుడు ఆ 250 పౌండ్లు టైర్లకు కూడా చాలవు. పాత ఎస్కార్ట్‌లు సేకరణ వస్తువులై ధరలు ఆకాశాన్నంటాయి. అందుకే ఈ దారిలో వెళ్లేవాళ్లు ఎక్కువగా ఫోర్డ్ సియెరా, మాజ్దా ఎంఎక్స్-5 వైపు మళ్లారు. డబ్బు మిగులుతుంది గాని ఏళ్లు పోతాయి.

మూడోది, ఒకే దాత కారును, అంటే భాగాల కోసం విప్పే పాత కారును, మొత్తంగా వాడుకునే కిట్లు. ఎంఎక్స్-5 ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ ఎత్తి కొత్త గొట్టాల చాసీకి తగిలించే ఎక్సోసెట్ ఇలాంటిదే. అమెరికాలో ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్ తెచ్చిన 818 సుబారు ఇంప్రెజా భాగాల మీద నిలబడుతుంది. దాని పేరే దాని బరువు లక్ష్యం, కిలోల్లో. దాత కారు మొత్తం కొంటే చిన్న చిన్న వైరింగ్ కనెక్టర్లు, బ్రాకెట్లు, బోల్టులు కూడా చేతికొస్తాయి. వేరువేరు చోట్ల కొన్నవాడు ఇవి వెతుక్కోవడానికే నెలలు తిరుగుతాడు.

మోటార్‌సైకిల్ ఇంజన్ పెట్టే మోజు కూడా ఉంది. సుజుకి హయబూసా లాంటి ఇంజన్‌తో గేర్‌బాక్స్ కూడా కలిసే వస్తుంది, బరువు బాగా తగ్గుతుంది, 10,000 ఆర్‌పీఎం దాటే ఆ మోత వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ రివర్స్ గేరు ఉండదు. ఇంకో పెద్ద చిక్కు నూనె. మోటార్‌సైకిల్ మలుపులో వాలుతుంది కాబట్టి ఇంజన్ నూనె అడుగునే నిలుస్తుంది. కారు వాలదు, నూనె మలుపు బయటివైపుకు ఎగదన్నుతుంది. ఆ రెండు క్షణాల్లో పంపు గాలిని పీల్చిందంటే బేరింగులు పోయినట్టే. కాబట్టి అడ్డగోడలున్న సంపు (ఇంజన్ అడుగు నూనె తొట్టి) గాని, నూనెను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంపు గాని ముందే లెక్కలో వేసుకోవాలి.

బిగింపు

సెవెన్ చాసీ సన్నటి ఉక్కు గొట్టాల త్రికోణాల అల్లిక. దానిపై అల్యూమినియం రేకులు రివెట్ చేస్తారు. ఆ రేకులు అందం కోసమే కాదు, చాసీ మెలిపడకుండా పట్టి ఉంచే పనిలో వాటికీ వాటా ఉంది. ఉక్కు మీద అల్యూమినియం నేరుగా తగిలితే తడి చేరినప్పుడు అల్యూమినియం తినుకుపోతుంది. అందుకే రేకుకూ గొట్టానికీ మధ్య సీలెంట్ పూయడం మరవకూడదు.

పని వరస ఇలా ఉంటుంది: చాసీని బల్లల మీద నిలిపి ముందు సస్పెన్షన్, స్టీరింగ్ రాక్ బిగించడం, ఇంజన్, గేర్‌బాక్స్ ఒకటిగా కలిపి క్రేనుతో మూతి వంచి దించడం, డిఫరెన్షియల్, వెనుక ఇరుసు, బ్రేకు పైపులు, వైరింగ్, చివర చక్రాలు. సిద్ధ కిట్టును కొన్ని వారాంతాల్లో పూర్తి చేసినవాళ్లు బోలెడు మంది. లోకాస్ట్‌ను నాలుగైదేళ్లు లాగినవాళ్లూ ఉన్నారు.

చూడడానికి చిన్నదే అయినా ఒక పని దగ్గర కొత్తవాళ్లు బోల్తా పడతారు. సస్పెన్షన్ చేతుల చివర రబ్బరు బుష్‌లుంటాయి. బండి బల్లల మీద గాలిలో వేలాడుతుండగా వాటి బోల్టులను పూర్తి టార్కుతో బిగిస్తే రబ్బరు ఆ కిందికి వాలిన స్థానంలో పట్టుకుపోతుంది. చక్రాల మీద దించాక అది ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. సస్పెన్షన్ గట్టిబడి, కొద్ది నెలల్లో రబ్బరు చిరుగుతుంది. అందుకే ఆ బోల్టులను వదులుగా ఉంచి, బండిని నేల మీద దించి, అటూ ఇటూ నొక్కి కుదుర్చుకున్నాకే ఆఖరి బిగింపు చేయాలి.

సర్దుబాటులో ఎక్కువ ఫలితమిచ్చేది నాలుగు చక్రాల బరువు తూచడం. నాలుగు త్రాసుల మీద బండిని నిలిపి, డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి, లేదా అంత బరువు ఇసుక సంచులు పెట్టి తూస్తారు. 500 కిలోల బండిలో 75 కిలోల మనిషి ఒక పక్కన కూర్చుంటే అది చిన్న లెక్క కాదు. స్ప్రింగు కింది పళ్లాన్ని ఒక మూల తిప్పితే ఆ చక్రం బరువుతో పాటు ఎదురు మూల చక్రం బరువు కూడా మారుతుంది. రెండు కర్ణాల మొత్తాలు సమానమయ్యే దాకా కొద్ది కొద్దిగా తిప్పాలి. యాంటీ రోల్ బార్‌ను ముందుగా ఊడదీయకపోతే అంకెలు అబద్ధం చెబుతాయి. ఈ పని తప్పితే బండి ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా తిరుగుతుంది. డ్రైవరు మాత్రం తప్పు తనదేనని అనుకుంటూ ఉంటాడు.

నియమాలు, భద్రత

బ్రిటన్‌లో ఇలాంటి కారును రోడ్డు మీద కూడా నడపాలంటే ఐవీఏ అనే ఆమోద పరీక్ష నెగ్గాలి. 2009లో అది అంతకు ముందున్న ఎస్‌వీఏ స్థానంలో వచ్చింది. బయటికి పొడుచుకొచ్చిన అంచులు 2.5 మిల్లీమీటర్లకు తగ్గని వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలనే నియమం దగ్గర చాలా బండ్లు మొదటిసారి తప్పుతాయి. బండి వయసు తేల్చడానికి వీల్లేని భాగాలుంటే నంబరు ప్లేటు క్యూ అక్షరంతో మొదలవుతుంది. ట్రాకులోనే తిప్పేవాడికి ఈ బాధ లేదు, ట్రెయిలరుంటే చాలు. కానీ శబ్దం కొలుస్తారు. పొగ గొట్టానికి అర మీటరు దూరంలో పెట్టిన మీటరులో 105 డెసిబెల్స్ లోపు రావాలని అడిగే ట్రాకులు చాలా ఉన్నాయి. రోల్ బార్ డ్రైవరు హెల్మెట్ కంటే పైకి ఉండాలి. ఆరు బిందువుల సీటు బెల్టు, అగ్నిమాపకం, బ్యాటరీ కట్-ఆఫ్, లాగడానికి కొక్కెం ఉండాలి. ఇవన్నీ బరువే, కానీ తగ్గించుకోదగ్గ బరువు కాదు.

భారత్‌లో

ఇక్కడ ఈ సంప్రదాయం వేరే రూపంలో పెరిగింది. సొంతంగా కూర్చిన కారును రోడ్డు మీద నమోదు చేయించడం చాలా కష్టం. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52ను వ్యాఖ్యానిస్తూ, తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. ఆ తీర్పుకు చాలా ముందు నుంచే ఇక్కడ తేలిక బండ్లు నేరుగా ట్రాకుకే పుట్టాయి. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజన్‌తో ఒకే సీటు కారు తయారుచేసి ఫార్ములా మారుతి పోటీలు మొదలుపెట్టించాడు. మనవాళ్లకు చేతికందే ఇంజన్, ఊరూరా దొరికే మెకానిక్, తక్కువ బరువు, అన్నీ అందులో కలిశాయి. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్లిన నరైన్ కార్తికేయన్ తొలి పరుగులు ఈ కార్లతోనే. కరివర్ధన్ 1995లో చనిపోయాడు. కోయంబత్తూరు శివారులోని రెండు కిలోమీటర్ల పైచిలుకు కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు.

ఇంజనీరింగ్ విద్యార్థులు తమ కాలేజీ వర్క్‌షాపుల్లో ఒకే సీటు బండ్లు కట్టి పోటీపడే ఫార్ములా భారత్ కూడా ఆ ట్రాకులో జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల జట్లూ ఇలాంటి పోటీల్లో పాల్గొంటున్నాయి. ఆ బండ్లకు కిట్టు ఉండదు, ప్రతి బ్రాకెట్టూ విద్యార్థులే గీసి కోసుకోవాలి. అందుకే పరుగుకు ముందు జరిగే తనిఖీలో బ్రేకులు నాలుగు చక్రాలనూ ఒకేసారి లాక్ చేయగలవా అన్న పరీక్ష దగ్గరే చాలా జట్లకు ఆ రోజంతా గడిచిపోతుంది.