పలక మీద రెండు వరుసలు

(ఇందులో మనుషులు, ఇల్లు కల్పితం. జబ్బు, మందులు, మన ఊళ్ల తీరు మాత్రం నిజం.)

మార్కాపురం దగ్గర ఒక పల్లె. పొద్దున పది దాటింది. చేలో నుంచి అప్పుడే వచ్చి మంచం మీద కూలబడ్డ తాత చేతికి నర్సింగ్ చదివే అమ్మాయి బీపీ పట్టీ చుట్టబోయింది.

“ఆగు. వచ్చిన మనిషిని ఐదు నిమిషాలు కూర్చోనీ” అన్నారు వెనక నుంచి ఆమె కాలేజీ మేడం.

కాళ్లు నేలకు ఆనించారు. వీపుకు గోడ, గుండె ఎత్తున చెయ్యి. మాటలు ఆపించారు. మొదటిసారి 168/98, కాసేపాగి చూస్తే 164/96. 140/90 నుంచే ఎక్కువ కింద లెక్క.

“మాత్రలు వేసుకుంటున్నావా తాతా?”

“ఏసుకుంటాండా పాపా.”

అమ్మాయి అదే రాసుకుని వెళ్లిపోయింది. నీళ్ల చెంబు తెచ్చిచ్చిన అవ్వ వంక ఎవరూ చూడలేదు.

వారం తర్వాత మళ్లీ వచ్చింది. బీపీ దిగలేదు. ఈసారి ప్రశ్న మార్చింది: “తాతా, మాత్రల అట్టలు చూపిస్తావా?” నెలకిచ్చినవి 30. ఇరవై రోజులైంది, పది మిగిలాయి. లెక్క సరిపోయింది. బీపీయే సరిపోలేదు.

తాత తల వంచుకున్నాడు. గడప దగ్గర నుంచి అవ్వే అంది: “ఒకరోజు ఆయన, ఒకరోజు నేను. నాకూ తల తిప్పుతాంది. అదే బిళ్ల కదా అనుకున్యాం.”

“నువ్వెందుకు చూపించుకోలేదవ్వా?”

“104 బండి వచ్చేనాడు మిరప కోతకు పోతా. కూలి ఎవరిస్తారు?”

అవ్వ చేతికి పట్టీ కట్టారు. 176/100.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. ప్రపంచంలో 30–79 ఏళ్ల వాళ్లలో దాదాపు 130 కోట్ల మందికి రక్తపోటు ఉందనీ, వాళ్లలో సగానికి దగ్గరగా ఆ సంగతే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇరవయ్యేళ్ల కిందటే గోదావరి జిల్లాల్లో 45 పల్లెల చావులను ఆరా తీస్తే, సుమారు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బులవేనని తేలింది. నొప్పి లేని జబ్బు కాబట్టి కూలి పోగొట్టుకుని ఎవరూ క్యూలో నిలబడరు.

పీహెచ్‌సీలో డాక్టరు ఇద్దరినీ చూసి ఎవరి మందులు వాళ్లకు రాశారు. “బాగుందని మానొద్దు, ఒకరివి ఒకరు మింగొద్దు” అని గట్టిగా చెప్పారు. ఇక ఉప్పు. మనిషికి రోజుకు ఒక టీ చెంచాకు మించకూడదు, పచ్చడీ చల్ల మిరపకాయలూ ఆ చెంచాలోనే. అవ్వ రెండు చెంచాలు చిన్న గిన్నెలో పోసి చూసి, “ఇది మాపటికే చాలదు” అంది. చివరికి మజ్జిగలో ఉప్పు మానడానికి బేరం కుదిరింది.

మరి మాత్రలు గుర్తుండేదెలా? తాత పాతికేళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాడు. ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు చేసిన ఆయనకు అక్షరం రాదు. అటక మీద నుంచి చట్రం విరిగిన పలకొకటి దించాడు. అమ్మాయి పై వరుసలో మీసం, కింది వరుసలో బొట్టు గీసింది. మాత్ర వేసుకున్న రోజు బలపంతో ఒక గీత.

రెండు నెలలకు తాత బీపీ 136/84, అవ్వది 138/86. కానీ అవ్వ వరుసలో అక్కడక్కడా ఖాళీలున్నాయి.

“మానేశావా అవ్వా?”

“మిరప కోతకు పోయిన నాళ్లవి. పొద్దు పొడవకముందే పోతా. బిళ్ల కొంగున కట్టుకుపోయి సద్ది తిన్యాక ఏసుకుంటాండా. పలకను కూడా మోసుకుపొమ్మంటావా?”

అమ్మాయి అట్టలు లెక్కపెట్టింది. ఒక్క మాత్ర కూడా తేడా రాలేదు. బలపం అవ్వ చేతికిచ్చింది. అవ్వ వంగి, ఆ ఖాళీల్లో ఒక్కొక్క గీతే పెట్టుకుంటూ పోయింది.