ఈ ట్రాఫిక్ ఎవరిది?

నెట్‌వర్క్‌ను కొలవడం కొత్త విద్యేమీ కాదు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో మైక్ మూస్ అనే ఉద్యోగి, నెట్‌వర్క్ మొరాయిస్తుంటే కారణం పట్టుకోవడానికి 'పింగ్' రాశాడు. అవతలి యంత్రం పలుకుతోందా, పలకడానికి ఎంతసేపు తీసుకుంటోంది? అంతవరకే దాని పని. ఇవాళ్టికీ సర్వర్ అందకపోతే మన చేయి ముందు దాని మీదికే పోతుంది.

1988లో ఎస్ఎన్ఎంపీ ప్రమాణం వచ్చాక రౌటర్లు, స్విచ్‌లు తమ లెక్కలు తామే అప్పజెప్పసాగాయి. ఏ పోర్టులో ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని ప్యాకెట్లు పాడయ్యాయి అన్నీ కౌంటర్లే. ఇంటి కరెంటు మీటరులా అంకె పెరుగుతూ పోతుంది. రెండు రీడింగుల తేడాను మధ్య గడిచిన కాలంతో భాగిస్తే వేగం తెలుస్తుంది. ఈ లెక్కకు బొమ్మ కట్టినవాడు టోబీ ఓటికర్. ఇంగ్లండులోని డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీలో ఉండగా, బయటి ప్రపంచంతో కలిపే 64 కిలోబిట్ల లైను ఎంత నిండుతోందో అందరికీ కనబడాలని ఎంఆర్‌టీజీ రాసి, 1995లో లోకం మీదికి వదిలాడు. అయిదు నిమిషాలకోసారి రీడింగు. వచ్చేది ఆకుపచ్చ, పోయేది నీలం. 1999లో ఆయనే తెచ్చిన ఆర్ఆర్‌డీటూల్ ఆ తర్వాత ఎన్నో గ్రాఫులకు పునాది అయింది.

ఇక్కడొక తిరకాసు ఉంది. ఆనాటి కౌంటర్లు 32 బిట్లవి. సుమారు 429 కోట్ల బైట్లు దాటితే మళ్లీ సున్నా. 100 మెగాబిట్ల లైను నిండుగా నడిస్తే 5.7 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది, అయిదు నిమిషాల రీడింగుకు ఎలాగో చిక్కుతుంది. గిగాబిట్ లైనులో 34 సెకన్లకే తిరిగిపోతుంది. మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పే నాథుడు లేడు. గ్రాఫు మాత్రం నిక్షేపంగా అబద్ధం చెబుతుంది. 64 బిట్ల కౌంటర్లు వచ్చాకగానీ ఈ పీడ విరగడ కాలేదు.

అయితే ఆ రోజుల్లో ఎంత అన్నదానిపైనే తంటా. ఎవరిది అని అడగాల్సిన పనే లేదు. పోర్టు కదలదు, కేబుల్‌కు చీటీ ఉంటుంది, సర్వర్ ఏళ్ల తరబడి ఒకే ఐపీతో బతుకుతుంది.

2013లో యాప్‌లను కంటెయినర్లలో నడిపే డాకర్, 2014లో ఆ కంటెయినర్లను ఎన్నో యంత్రాల మీద నిర్వహించే కుబెర్నెటిస్ వచ్చి ఆ భరోసాను పడగొట్టాయి. ప్రతి పాడ్‌కూ, అంటే కలిసి నడిచే కంటెయినర్ల ప్రతి గుంపుకూ, సొంత ఐపీ అన్నారు, బాగానే ఉంది. కానీ పాడ్ పొద్దున పుట్టి మధ్యాహ్నానికి పోవచ్చు. దాని ఐపీ సాయంత్రానికి ఇంకో పాడ్‌కు దక్కవచ్చు. నిన్న రాత్రి డేటాబేస్‌ను ముంచెత్తిన ఐపీ ఎవరిదని ఇవాళ వెతికితే, అక్కడ వేరే టీమ్ సర్వీసు అమాయకంగా కూర్చుని ఉంటుంది.

దీనికి మొదటి గట్టి జవాబు, కుబెర్నెటిస్ కంటే ముందే పుట్టిన ప్రొమీథియస్. గూగుల్ నుంచి వచ్చిన మ్యాట్ ప్రౌడ్, జూలియస్ వోల్జ్ అక్కడి బోర్గ్‌మన్ స్ఫూర్తితో 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలుపెట్టారు. ఎవరెవరు బతికున్నారో కుబెర్నెటిస్‌నే అడిగి, వాళ్ల దగ్గరికి తానే వెళ్లి లెక్కలు తెచ్చుకోవడం, ప్రతి అంకెకూ పాడ్, నేమ్‌స్పేస్ లాంటి లేబుళ్లు తగిలించడం దాని పద్ధతి. అయితే లేబుళ్లు ఊరికే రావు. కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ పాడ్ల పేర్లు మారతాయి, పాత సిరీస్‌ల జాబితా కొండవీటి చాంతాడవుతుంది. ఆ బరువు మోయలేకే 2017 నవంబరులో వచ్చిన 2.0కు నిల్వ వ్యవస్థను మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది.

పాడ్ నెట్‌వర్క్ అంకెలు ఎక్కడ పుడతాయో కాస్త దగ్గర నుంచి చూద్దాం. పాడ్‌లోని కంటెయినర్లన్నిటికీ నెట్‌వర్క్ ఒక్కటే. దాన్ని పట్టుకుని ఉండేది 'పాజ్' అనే చిన్న కంటెయినర్. ప్రతి నోడ్‌లో, అంటే క్లస్టర్‌లోని ప్రతి యంత్రంలో, నడిచే కుబెలెట్‌లో ఉండే సీఅడ్వైజర్, కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్ కౌంటర్లను చదివి ఇచ్చేది ఆ ఉమ్మడి లెక్కే. అందులో మీ యాప్ వాటా ఎంత, దాని పక్కనే నడిచే సహాయక కంటెయినర్ (సైడ్‌కార్) వాటా ఎంత అంటే విడదీయలేం. హోస్ట్ నెట్‌వర్క్ వాడే పాడ్ అయితే మరీ విడ్డూరం, నోడ్ ట్రాఫిక్ మొత్తం దాని పద్దులోనే కనిపించవచ్చు. ఇక 'కుబ్‌సీటీఎల్ టాప్' అంటారా, అందులో సీపీయూ, మెమరీ తప్ప నెట్‌వర్క్ ఊసే ఉండదు. పదేళ్లు దాటినా ఇది సరిపోతుందనుకోవడం నాకు మింగుడుపడదు.

బైట్ల లెక్కకు అందని చావులూ ఉన్నాయి. కనెక్షన్ల జాడ ఉంచే కెర్నెల్‌లోని కాన్‌ట్రాక్ పట్టిక నిండితే కొత్త కనెక్షన్ల ప్యాకెట్లు రాలిపోతాయి. ట్రాఫిక్ గ్రాఫు చూస్తే మాత్రం లైను సగం కూడా నిండి ఉండదు.

ఎవరిది అన్న ప్రశ్నకు దీటైన జవాబు పాత చోటునుంచే వచ్చింది. ప్యాకెట్లను వడకట్టడానికి 1992లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో మెకేన్, జేకబ్సన్ రాసిన బీపీఎఫ్, 2014లో ఈబీపీఎఫ్‌గా లినక్స్ కెర్నెల్‌లో విస్తరించింది. దానిమీద నిలబడ్డ సీలియం, పాడ్‌ను ఐపీతో కాక లేబుళ్ల నుంచి ఇచ్చిన గుర్తింపుతో ఎరుగుతుంది. 2019లో దానికి తోడైన హబుల్, ఏ సర్వీసు ఏ సర్వీసును పిలిచింది, ప్యాకెట్ ఎందుకు పడిపోయింది అన్నది పేర్లతో సహా చెబుతుంది.

మీ చేతిలో క్లస్టర్ ఉంటే, ఇవన్నీ పెట్టుకునేలోపే, నోడ్ లెక్కలను ప్రొమీథియస్‌కు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ నుంచి రెండు గ్రాఫులు పెట్టుకోండి: రాలిపోయిన ప్యాకెట్లు ఎన్ని, కాన్‌ట్రాక్ పట్టిక పరిమితిలో ఎంత శాతం నిండింది. రెండో దానికి 80 శాతం దగ్గర అలారం కూడా కట్టండి.